చీకటిని కట్టుకోవాలి: పాటల పండుగలో సినిమా డేరా

అందరికీ నమస్కారం. పాటల పండుగలో పగలు కూడా సినిమా ఆడే డేరా ఎలా వేయాలో ఈ రోజు చెబుతాను.

మన ఊళ్ళ టూరింగ్ టాకీసుల్లో పగటి ఆట ఉండేది కాదు. పొద్దుగుంకాక మైకులో ఘంటసాల భక్తిగీతం మోగేది. అది విని జనం గబగబా అన్నాలు తినేసి బయల్దేరేవారు. మొదటి ఆట, రెండో ఆట, అంతే. డేరా గుడ్డలోంచి, దడి సందుల్లోంచి వెలుతురు జొరబడేది గనక పగలు తెర మీద బొమ్మ నిలిచేది కాదు. చీకటిని కొనుక్కునే స్తోమత లేక, సూర్యుడు ఊరికే ఇచ్చేదాకా ఆగేవారు. మన దగ్గర అది చెల్లింది. విజయవాడలో సంక్రాంతికి ఆరింటికల్లా, నడివేసవిలోనూ ఏడు లోపే పొద్దుగుంకుతుంది. ఇంకో అరగంటకు చిమ్మచీకటి.

ఇప్పుడు ఇంగ్లండు వెళదాం. సోమర్‌సెట్‌లో పిల్టన్ అనే పల్లె, అక్కడ వర్దీ ఫామ్ అనే పాడిరైతు పొలం. 1970లో మైకేల్ ఈవిస్ అక్కడ మొదలుపెట్టినదే గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం. ఆ మొదటి ఏడు టికెట్ ఒక పౌను, పాలు ఉచితం. ఇప్పుడది జరిగేది జూన్ నెలాఖర్లో. ఆ రోజుల్లో అక్కడ పొద్దుగుంకేది రాత్రి తొమ్మిదిన్నరకు. ఆకాశం నల్లబడేసరికి పదిన్నర దాటుతుంది. తెల్లవారి ఐదు కొట్టకముందే మళ్ళీ సూర్యుడు. మన టాకీసు పద్ధతిలో ఆగితే రోజుకు రెండు ఆటలు పడడమే కష్టం. 2017లో అదే ఉత్సవంలో సినిమా దర్శకుడు జూలియన్ టెంపుల్, తుక్కుతో శిల్పాలు చేసే జో రష్ కలిసి సినెరామగెడాన్ పేరుతో పాత కార్ల తుక్కు మధ్య ఆరుబయట సినిమా పెట్టారు. అది రాత్రి బేరమే. పగలు కూడా వేయాలంటే గ్లాస్టన్‌బరీలోనే ఉన్న పిల్టన్ పాలే లాంటి మూసిన డేరా కావాలి. వేల్స్‌లో క్రిక్‌హౌవెల్ దగ్గర ఆగస్టులో జరిగే గ్రీన్ మ్యాన్ ఉత్సవంలో సినీడ్రోమ్ ఇలాంటిదే. అమెరికాలో టెనెసీ రాష్ట్రపు మాంచెస్టర్‌లో 2002లో మొదలైన బొన్నరూ సంగీతోత్సవంలో సినిమా డేరాకు ఏసీ పెట్టారు. జూన్ ఎండలో అందులోకి దూరినవాళ్ళలో ఎంతమంది బొమ్మ కోసం వచ్చారో, ఎంతమంది చల్లదనం కోసం వచ్చారో లెక్క తేల్చడం కష్టం.

ఈ డేరాలో సినిమాను చెడగొట్టేవి రెండు: బయటి వెలుతురు, బయటి పాట. మిగతా ఇబ్బందులకు డబ్బుతో మందు ఉంది. ఈ రెంటికీ మాత్రం డేరా ఎక్కడ వేస్తాం, ఎటు తిప్పి వేస్తాం, లోపలికి ఎలా రానిస్తాం అన్నదే మందు. ఈ రోజు ఎక్కువసేపు వీటి మీదే మాట్లాడతాను.

ముందు వెలుతురు. తెర 6 మీటర్ల వెడల్పు, దాదాపు 3.4 మీటర్ల ఎత్తు అనుకుందాం. వైశాల్యం 20 చదరపు మీటర్లు. థియేటర్లలో డిజిటల్ బొమ్మకు పాటించే ప్రమాణం 14 ఫుట్‌లాంబర్టులు, అంటే చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. మామూలు తెల్ల తెర మీద అంత కాంతి రావాలంటే 48ని π విలువ 3.14తో, 20తో గుణించండి. ప్రొజెక్టర్ వదలాల్సిన మొత్తం కాంతి మూడు వేల ల్యూమెన్లు. ఇంతేనా అనిపిస్తుంది. పెళ్ళిళ్ళలో అద్దెకు తెచ్చే ప్రొజెక్టర్ కూడా అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. కానీ ఆ లెక్క కటిక చీకటికి.

మూడు వేల ల్యూమెన్లు 20 చదరపు మీటర్ల మీద పరుచుకుంటే తెర మీద పడేది 150 లక్సు, అంటే చదరపు మీటరుకు 150 ల్యూమెన్లు. నడి మధ్యాహ్నం బయట ఎండ లక్ష లక్సు. తెల్ల పీవీసీ గుడ్డలోంచి అందులో నూటికి ఒక పాలు వచ్చి తెరను తాకినా వెయ్యి లక్సు. బొమ్మ 150, వెలుతురు వెయ్యి. ఇక తెర మీద కనిపించేది తెర ఒక్కటే. సరే, అన్నీ మూశాం, 10 లక్సే మిగిలింది అనుకోండి. అప్పటికీ తెల్లకూ నల్లకూ తేడా 16 రెట్లే. కామెడీ సినిమా ఎలాగో నడిచిపోతుంది. రాత్రి సన్నివేశాలున్న సినిమా అయితే బూడిదలో పాత్రలు తిరుగుతున్నట్టుంటుంది. 1 లక్సుకు దించితే 150 రెట్లు, అప్పుడు కూర్చోబుద్ధవుతుంది. ప్రొజెక్టర్ పవర్ రెండింతలు చేసినా ఈ నిష్పత్తి సుమారు రెండింతలే పెరుగుతుంది. వెలుతురును పదో వంతుకు తగ్గిస్తే పది రెట్లు దగ్గరగా పెరుగుతుంది. ఉన్న డబ్బు నల్లగుడ్డ మీద పెట్టమనేది అందుకే.

గుడ్డలో రకాలున్నాయి. అద్దెకిచ్చేవాళ్ళు “మందం గుడ్డండీ” అంటారు. మందంతో పని లేదు. రెండు తెల్ల పొరల మధ్య నల్ల పొర ఉండి వెలుతురును పూర్తిగా ఆపే బ్లాకౌట్ పీవీసీయేనా అని అడగాలి. ఒక ముక్క తెప్పించుకుని ఎండలో సెల్‌ఫోన్ కెమెరా మీద కప్పి చూడండి, తెలిసిపోతుంది. పైకప్పు ఆ గుడ్డదే అయినా పక్క గోడలు మామూలువి తగిలించి పోతుంటారు. అది కూడా ముందే మాట్లాడుకోవాలి.

డేరా లేచాక, తెర కట్టకముందు, నడి మధ్యాహ్నం అన్నీ మూసేసి లోపల పది నిమిషాలు ఊరికే నిలబడండి. మొదటి నిమిషంలో చీకటిగానే ఉందనిపిస్తుంది. ఐదో నిమిషానికి కళ్ళు అలవాటుపడి గోడ అడుగున గడ్డికీ గుడ్డకూ మధ్య తెల్లటి గీత కనిపిస్తుంది. ఇంకాసేపటికి కప్పు, గోడ కలిసే అంచున తాళ్ళు కట్టిన రంధ్రాలు ఒక్కొక్కటీ చుక్కల్లా వెలుగుతాయి. ఆ చుక్కల దగ్గర నల్ల టేపు, అడుగున గోడ గుడ్డ మీద మట్టి లేదా ఇసుక బస్తాలు. గోడ గుడ్డ నేల మీద ఒక అడుగు లోపలికి మడతపడేలా ఉంటే మంచిది. వాన పడితే ఆ మడత బయటికే ఉండాలి, లేకపోతే నీళ్ళు నేరుగా లోపలికి వస్తాయి. ఈ రెంటికీ పొత్తు కుదరదు. అందుకని లోపల విడిగా ఒక నల్లగుడ్డ పరదాను నేల దాకా వేలాడదీస్తారు.

అన్నిటికన్నా పెద్ద చిల్లు గుమ్మం. పాటల పండుగలో సినిమాకు ఎవరూ టైముకు రారు. ఒక స్టేజీ మీద పాట అయిపోగానే గుంపుగా వస్తారు, మరో స్టేజీ మీద తమకు నచ్చినవాళ్ళు ఎక్కే వేళకు మధ్యలో లేచిపోతారు. గంటన్నర సినిమాలో గుమ్మం కొన్ని వందలసార్లు తెరుచుకుంటుంది. ఒక్క పరదా ఉంటే తెరిచిన ప్రతిసారీ ఎండ పలక ఒకటి వచ్చి తెర మీద కూర్చుంటుంది. దీనికి వంకర దారి కట్టాలి. బయటి పరదా, లోపల రెండున్నర మీటర్ల నల్ల నడవ, అక్కడ ఒక మలుపు, మలుపు తర్వాత రెండో పరదా. మొదటిది మూసుకున్నాకే మనిషి రెండోదాన్ని చేరాలి. నడవ లోపలి వైపు కూడా నల్లగానే ఉండాలి. తెల్ల గోడ ఉంటే వెలుతురు దాని మీద తుళ్ళి మలుపు తిరిగి వచ్చేస్తుంది. గుమ్మం ఉత్తరం వైపో తూర్పు వైపో పెట్టండి. పడమటి గుమ్మానికి సాయంత్రం ఎండ అడ్డంగా తగులుతుంది, ఇంగ్లండులో ఆ సాయంత్రం నాలుగైదు గంటలు సాగుతుంది. నడవలో మసక దీపం కింద ఒక మనిషి నిలబడి, కళ్ళు అలవాటుపడేదాకా వచ్చినవాళ్ళను అర నిమిషం ఆపాలి. లేకపోతే వాళ్ళు సెల్‌ఫోన్ లైటు వేసుకుంటూ వస్తారు. కట్టిన చీకటంతా అక్కడితో సరి.

ఇంత గట్టిగా మూసేస్తే గాలి ఆగిపోతుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. రెండు వందల మంది అంటే 20 కిలోవాట్లు, ఇరవై గది హీటర్లు వెలిగించినట్టు. తలకు సెకనుకు 10 లీటర్ల తాజా గాలి లెక్కన గంటకు 7,200 ఘనపు మీటర్లు కావాలి. రెండు పెద్ద ఫ్యాన్లు ఒక చివర కింది నుంచి తోయాలి, రెండో చివర పైనుంచి వేడి గాలి పోవాలి. ఫ్యాన్‌ను నేరుగా గోడకు బిగిస్తే దాని వెనక ఆకాశం కనిపిస్తుంది. మూడు మీటర్ల నల్ల గొట్టంలో ఒక వంపు తిప్పి పెడితే గాలి వస్తుంది, వెలుతురు రాదు, మోత కూడా సగం తగ్గుతుంది.

ఇక తెర, ప్రొజెక్టర్. డేరా బుక్ చేసేటప్పుడు అందరూ నేల కొలతే చూస్తారు. 12 మీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు 3 మీటర్లు, నడినెత్తిన 5 మీటర్లు ఉన్న డేరా తీసుకున్నారనుకోండి. 6 మీటర్ల తెర, కింది అంచు నేలకు మీటరున్నర ఎత్తున. అప్పుడు పై అంచు 4.9 మీటర్లకు వస్తుంది. మధ్యలో సరిపోయింది. తెర మూలల దగ్గర, అంటే నడి గీతకు 3 మీటర్ల పక్కన, కప్పు ఎత్తు 4 మీటర్లే. మూలలు కప్పులోకి పొడుచుకుపోతాయి. అప్పటికప్పుడు తెర దించుతారు, ముందు వరుస తలల వెనక సబ్‌టైటిళ్ళు మాయమవుతాయి. 15 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పక్క గోడ, 25 మీటర్ల పొడవు ఉన్నది తీసుకుంటే ఈ తెర హాయిగా పడుతుంది. దారులు వదిలి రెండు వందల మంది కూర్చుంటారు. నడిమి రాటలున్న సర్కస్ తరహా డేరా వద్దు. రాట సరిగ్గా ప్రొజెక్టర్ కాంతికి అడ్డంగా ఉంటుంది. ఇనుప చట్రం మీద నిలబడేదే కావాలి.

తెరను చివరి గోడకు రెండున్నర మీటర్లు ముందుకు, ప్రొజెక్టర్‌ను తెరకు 20 మీటర్ల దూరంలో, జనం వెనక, 3 మీటర్ల ఎత్తు అట్టం మీద పెట్టండి. 20ని 6తో భాగిస్తే 3.3. ఆ నిష్పత్తి వచ్చే లెన్స్ అడిగి తెచ్చుకోవాలి. ఏమీ చెప్పకపోతే 1.5 లెన్స్ బిగించి పంపుతారు. దానికి ప్రొజెక్టర్ తెరకు 9 మీటర్ల దూరంలో, సరిగ్గా జనం నడుమ ఉండాలి. బొమ్మ వంకరగా పడితే మెనూలోకి వెళ్ళి కీస్టోన్ అనే దిద్దుబాటు నొక్కేస్తారు. అది బొమ్మను కోసి కుదిస్తుంది, కాంతీ అక్షరాల పదునూ రెండూ పోతాయి. ప్రొజెక్టర్‌ను సమంగా కూర్చోబెట్టి లెన్స్‌ను కావలసినంత జరిపితే చాలు.

3 మీటర్ల ఎత్తు నుంచి బయల్దేరిన కిరణం తెర కింది అంచుకు వచ్చేసరికి మీటరున్నరకు దిగుతుంది. ఆరడుగుల మనిషి తల దానికి తగిలేది తెర ముందరి నాలుగున్నర మీటర్లలోనే. మొదటి వరుసను తెరకు ఐదున్నర మీటర్లు ఎడంగా పెట్టి, ఆ ఖాళీలోకి ఎవరూ రాకుండా ఒక తాడు కడితే నీడలు పడవు. మన టాకీసుల్లో నేల టికెట్ పిల్లలు ఇసుక కుప్పగా పోసుకుని దాని మీద కూర్చునేవారు, ముందు తల అడ్డు రాకుండా. ఆ పని ఇక్కడ నేల వాలు చేస్తుంది. మీటరుకు మూడు నాలుగు సెంటీమీటర్లు తెర వైపు పల్లంగా ఉన్న చోటు దొరికితే వదలకండి. వాన వచ్చినప్పుడు నీళ్ళు కూడా తెర వైపే పోతాయి గనక పై వైపున డేరా బయట ఒక కాలువ తవ్వాలి. గ్లాస్టన్‌బరీ బురద సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1997, 1998, 2005, 2016, ఈ ఏళ్ళన్నీ దాని పేరు మీదే గుర్తు.

ఇప్పుడు రెండో శత్రువు, పాట. ఇది వెలుతురుకన్నా మొండిది. డేరా గుడ్డ బరువు చదరపు మీటరుకు కిలో లోపు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 400 కిలోల పైన. శబ్దాన్ని ఆపేది బరువు. బరువు రెట్టింపైతే ఆపే శక్తి 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అదీ పుస్తకంలో. కిలో గుడ్డకు డ్రమ్ము మోత, బేస్ గిటారు ఆనవు. నల్ల పరదాలు ఎన్ని వేలాడదీసినా లోపల ప్రతిధ్వని తగ్గుతుంది గానీ బయటి బేస్ బయట ఆగదు. “పరదాలు వేశాం కదా” అని ధీమాగా ఉండేవాళ్ళు మొదటి రాత్రే దెబ్బతింటారు.

పెద్ద స్టేజీ ముందు 40 మీటర్ల దగ్గర 100 డెసిబెల్స్ ఉందనుకోండి. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గితే 320 మీటర్ల దగ్గర 82. సినిమాలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశం 60 నుంచి 70. లెక్క అక్కడే తేలిపోయింది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి పొర నిలుస్తుంది. పైకి పోవాల్సిన శబ్దం అక్కడ వంగి మళ్ళీ కిందికే వస్తుంది. పగలు పరీక్ష చేసి “పరవాలేదు” అనుకున్న చోటే రాత్రి పదకొండుకు నేల అదురుతుంది. అందుకని పరీక్ష రాత్రి చేయాలి, లేదా నిరుడు ఆ చోట రాత్రి పడుకున్నవాళ్ళను అడగాలి.

మరి ఏం చేస్తారు? మొదటిది చోటు. స్టేజీకి ఎదురుగా గానీ పక్కగా గానీ వద్దు, వెనక్కి పోండి. ఇప్పటి పెద్ద స్టేజీలలో బేస్ బాక్సులను వెనక్కి తక్కువ పోయేలా అమరుస్తారు. మధ్యలో ఒక గుట్టో, గట్టో, లారీల వరుసో ఉంటే ఇంకా నయం. రెండోది ఆటల పట్టిక. పెద్ద స్టేజీ మీద పెద్దవాళ్ళు పాడే వేళకు డేరాలో మాటలు తక్కువ, మోత ఎక్కువ ఉన్న సినిమా పెట్టాలి: కచేరీ చిత్రాలు, యాక్షన్, భయపెట్టేవి. మెల్లగా మాట్లాడుకునే సినిమాలు ఉదయం. పదకొండు లోపు ఆ పొలంలో చాలామంది గుడారాల్లోనే ఉంటారు, సౌండ్ చెక్ కూడా సద్దుమణిగి ఉంటుంది. ఈ పట్టిక వేయడానికి సినిమా తెలిసినవాడొక్కడే చాలడు, పక్కన స్టేజీల టైమ్‌టేబుల్ పట్టుకున్నవాడు కూడా కూర్చోవాలి.

మూడోది సబ్‌టైటిళ్ళు. ఇంగ్లీషు సినిమా అయినా ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళున్న కాపీ అడగండి. చెవి సరిగా వినబడనివాళ్ళ కోసం చేసిన ఆ కాపీ ఈ డేరాలో అందరికీ పనికొస్తుంది. మాట మోతలో మునిగిపోయినప్పుడు కన్ను అందుకుంటుంది. కింది అంచు మీటరున్నర ఎత్తున ఉండాలని ఇందాక పట్టుబట్టింది ఈ రెండు లైన్ల కోసమే.

నాలుగోది స్పీకర్ల అమరిక. చాలామంది తెరకు రెండు పక్కలా రెండు పెద్ద బాక్సులు పెట్టి, చివరి వరుసకు వినబడేదాకా పెంచుతారు. ముందువాళ్ళ చెవులు పోతాయి, వెనకవాళ్ళకు మాట అందదు. మాటలు వచ్చేది మధ్య ఛానల్ నుంచి. దానికి తెర కిందో పైనో విడిగా ఒక బాక్సు ఉండాలి. తెరకు 11 మీటర్ల దూరంలో రెండు పక్కలా రెండు చిన్న బాక్సులు పెట్టి, వాటిలో మాట మాత్రమే కాస్త మెల్లగా వదలండి. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది గనక తెర నుంచి అక్కడికి రావడానికి 32 మిల్లీసెకన్లు. చిన్న బాక్సులను అంత ఆలస్యం చేసి, పైన ఇంకో 10 కలిపితే వెనక కూర్చున్న మనిషికి మాట తెర మీది నోట్లోంచే వస్తున్నట్టుంటుంది. ఆ ఆలస్యం పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. అప్పుడు జనం “సౌండ్ పెంచండి” అని అరుస్తారు, ఆపరేటర్ పెంచుతాడు, ఇంకా పాడవుతుంది.

ఇవన్నీ చేసినా కుదరని చోట్ల హెడ్‌ఫోన్లు. తీగ లేనివి, మనిషికొకటి. బయటి బేస్ ఒంటికి తగులుతుంది గానీ మాట చెవిలో స్పష్టంగా ఉంటుంది. రెండు వందల సీట్లకు 230 తెచ్చుకోండి. ఛార్జి అయిపోయేవి, తీగ లేదని మర్చిపోయి మెడకు వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు, చెమటకు తడిసేవి తప్పవు. ఆట ఆటకూ తుడవడానికి ఇద్దరు మనుషులు, 20 నిమిషాల విరామం పట్టికలోనే ఉండాలి.

కరెంటు గురించి క్లుప్తంగా చెబుతాను. లేజర్ ప్రొజెక్టర్, సౌండ్, ఫ్యాన్లు కలిపి ఏడెనిమిది కిలోవాట్లు. 20 కేవీఏ జనరేటర్ చాలు. మోత వినబడకుండా దూరంగా పెడదామని వంద మీటర్లు పోయి, 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌తో 20 ఆంపియర్లు లాగితే దారిలోనే 30 వోల్టులు పోతాయి. 230 కాస్తా 200. బేస్ కొట్టినప్పుడల్లా ప్రొజెక్టర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది ఏడు వోల్టులే. ప్రొజెక్టర్‌కు, సినిమాను దాచుకుని నడిపించే సర్వర్‌కు యూపీఎస్ తప్పనిసరి. పాత జెనాన్ ల్యాంపు ప్రొజెక్టర్ అయితే మరీను. కరెంటు ఒక్కసారిగా పోయి ఫ్యాన్ ఆగితే కాగిన ల్యాంపు పగిలే ప్రమాదం ఉంది. అన్నట్టు, తెల్లవారుజామున మూడింటికి డీజిల్ ఎవరు పోస్తారో పేరు రాసి పెట్టుకోండి.

సినిమా చేతికి వచ్చే తీరు వేరే. డీసీపీ అనే ప్యాకేజీ హార్డ్ డిస్కులో వస్తుంది, రెండు గంటల సినిమా 150 నుంచి 250 జీబీ. దాన్ని సర్వర్‌లోకి ఎక్కించడానికి గంట, రెండు గంటలు పట్టొచ్చు, కాబట్టి ఆట రోజు పొద్దున్న తెచ్చే పని పెట్టుకోకూడదు. ఆ డిస్కు లైనక్స్ పద్ధతిలో రాసి ఉంటుంది. ఎవరో ఉత్సాహంగా విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తారు. ఫార్మాట్ చేయాలా అని అది అడుగుతుంది. సరే అని నొక్కితే సినిమా లేదు. ఇక తాళంచెవి. తాళం వేసిన డీసీపీకి కేడీఎం అనే ఫైలు వస్తుంది. అది ఆ ఒక్క సర్వర్‌కే, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే పనిచేస్తుంది. వానకు మీ రాత్రి పదకొండు ఆట పన్నెండున్నరకు మొదలైందనుకోండి, తాళంచెవి గడువు అర్ధరాత్రికే అయిపోయి ఉంటే చేసేదేమీ లేదు, ఆ వేళ పంపినవాళ్ళు ఫోనెత్తరు. ముందూ వెనకా చెరో రోజు కలిపి అడగండి, సర్వర్ మారిస్తే కొత్తది అడగండి. ఇంట్లో చూడటానికి కొన్న డిస్కును పదిమందికీ వేయడం హక్కుల ప్రకారం చెల్లదు. విడిగా అనుమతి కావాలి. బ్రిటన్‌లో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం సినిమా ప్రదర్శనను కూడా లైసెన్సు కిందికి తెస్తుంది. మన దగ్గర 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్, 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం కింద లైసెన్సు.

నిప్పు మాట తప్పించుకుని పోలేం. 1897 మే 4న పారిస్‌లో ఒక ధర్మకార్యపు బజారులో, చెక్కతో గుడ్డతో తాత్కాలికంగా కట్టిన పందిట్లో, సినిమా ప్రొజెక్టర్ దీపానికి వాడే ఈథర్ అంటుకుని 120 మందికి పైగా చనిపోయారు. 1995 డిసెంబర్ 23న హరియాణాలోని డబ్వాలీలో ఒక స్కూలు కార్యక్రమానికి వేసిన సింథటిక్ పందిరి అంటుకుంది. 400 మందికి పైగా పోయారు, వాళ్ళలో పిల్లలే ఎక్కువ. మధ్యలో దాదాపు వందేళ్ళు గడిచాయి, కథ మాత్రం ఒకటే: మండే గుడ్డ, ఇరుకు దారి. చీకటి కోసం మనం వేలాడదీసే ప్రతి నల్లగుడ్డా నిప్పుకు తట్టుకునే మందు పట్టించినదై ఉండాలి. బ్రిటన్‌లో డేరా గుడ్డకు బీఎస్ 7837 సర్టిఫికెట్ చూస్తారు. పత్రం డేరాకు ఉంటుంది, మార్కెట్లో మీటరు లెక్కన కొన్న నల్లగుడ్డకు ఉండదు. మూల ఒక చిన్న ముక్క కత్తిరించి బయట అగ్గిపుల్ల పెట్టి చూడండి. కరిగి చుక్కలుగా మండుతూ రాలితే ఆ గుడ్డ లోపలికి రాకూడదు. వంకర దారి గుమ్మం రావడానికే. పోవడానికి వేరే గుమ్మాలు, ఎదురెదురు పక్కల, తోస్తే తెరుచుకునేవి ఉండాలి. వాటి మీది పచ్చ దీపాలు చీకటిని చెడగొడుతున్నాయని టేపు వేయడం నేరం. తెర మీద పడకుండా చిన్న రేకు అడ్డం పెట్టుకోవచ్చు. గడ్డిమోపుల మీద కూర్చోబెట్టడం ఫోటోల్లో బాగుంటుంది, దాని జోలికి పోవద్దు.

గాలి వస్తే తెర తెరచాప అవుతుంది. సెకనుకు 15 మీటర్ల గాలి, అంటే గంటకు 54 కిలోమీటర్లు, 20 చదరపు మీటర్ల తెరకు ఎదురుగా కొడితే 280 కిలోల బరువుతో తోసినట్టు. గాలి మరీ పెరిగితే పక్క గోడలు విప్పి జనాన్ని పంపేయాలి. ఏ వేగానికి పంపాలో డేరా తయారుచేసినవాళ్ళు కాగితం మీద ఇస్తారు. ఆ అంకె ఆపరేటర్ బల్ల మీద అతికించి, పక్కన గాలి కొలిచే మీటరు పెట్టాలి. మధ్యలో సినిమా ఆపే అధికారం ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలి. ఆ గంటలో వాదన పనికిరాదు.

మన తిరునాళ్ళలోనో కాలేజీ ఉత్సవంలోనో ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్ళు ఇక్కడ ఉన్నట్టున్నారు. మనకు చీకటి త్వరగానే దొరుకుతుంది, చిక్కంతా శబ్దంతోనే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పండుగల పేరిట ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించవచ్చు. మూసిన ఆడిటోరియానికి మినహాయింపు ఉంది గానీ, ఇందాక చెప్పిన కిలో గుడ్డను ఎవరూ ఆడిటోరియం అనరు. కాబట్టి ఏడింటికి మొదటి ఆట స్పీకర్లతో, పది దాటాక రెండో ఆట హెడ్‌ఫోన్లతో. వేసవిలో మ్యాట్నీ మాత్రం వద్దు. నల్ల డేరాలో ఏప్రిల్ మధ్యాహ్నం రెండు వందల మందిని మూసిపెట్టే ఫ్యాన్లు అద్దెకు దొరకవు.

చివరి ఆట సంగతి ఒకటి మిగిలింది. మూడు రోజులు నిద్రలేని జనం అర్ధరాత్రి ఆటకు సగం మంది నిద్రపోవడానికే వస్తారు. వాళ్ళను తిట్టకండి. దారుల్లో మాత్రం పడుకోనివ్వకండి, అరగంటకోసారి ఒకరు మసక టార్చి నేలకేసి పట్టుకుని దారులు చూసి రావాలి. సినిమా అయిపోగానే లైట్లన్నీ ఒక్కసారి వేయొద్దు, రెండు నిమిషాల పాటు మెల్లగా పెంచండి. అందరూ లేచాక ప్రొజెక్టర్ ఆపి, ఫ్యాన్ చల్లబరిచేదాకా ఆగి, అప్పుడు పైన ప్లాస్టిక్ షీటు కప్పండి. అంతమంది వదిలిన ఊపిరి తెల్లవారుజామున చల్లబడిన కప్పుకు నీటి బొట్లుగా పట్టి ఉంటుంది. పొద్దున్నే గాలి కదిలితే అవి రాలేది సరిగ్గా ఆ అట్టం మీదే.